నిన్నటి సొల్యూషన్ ఇవాళ్టికి తోడు

మా అక్క కూతురు నెల్లూరు నుంచి వచ్చి చెన్నై షోలింగనల్లూరులో ఒక పీజీలో ఉంటోంది. నలుగురు ఆడపిల్లలకు ఒకటే బాత్రూమ్. మొన్న ఆదివారం పులుసు క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి, చేతులు కడుక్కుంటుంటే అద్దం కింద గూట్లో తన కాంటాక్ట్ లెన్స్ డబ్బీ కనిపించింది. టూత్‌బ్రష్‌ల గ్లాసు పక్కనే ఉంది. మూతలు సగం బిగించి ఉన్నాయి. ఎడమ మూత తిప్పి చూశాను. మూత మరల చుట్టూ తెల్లటి గార. గుంత అడుగున వేలు పెడితే జారింది. మన ఊళ్ళో నాలుగు రోజులు కడగని బిందె లోపల చెయ్యి పెడితే ఎలా జారుతుందో అలా. పక్కన లెన్స్ కడిగి నానబెట్టే సొల్యూషన్ పెద్ద సీసా. దాని మూత ఎక్కడ పోయిందో, సీసా ముక్కు మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ఇందులో సొల్యూషన్ ఎప్పుడు మార్చావే?" అని అడిగాను.

"మార్చడమేంటి పిన్నీ, తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాగా!"

అందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. ఇంటి నుంచి వచ్చే డబ్బు లెక్కగా వస్తుంది, సొల్యూషన్ సీసా చవక కాదు, ఉన్నదాన్ని పారబోయడానికి మనసు ఒప్పదు. ఆ మాట వినగానే నాకు భయం వేసింది. పదకొండేళ్ళ కిందట నేనూ ఇదే లెక్క వేసుకున్నాను. నా కుడి కంట్లో ఆ లెక్క తాలూకు మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ సీసాలో ఉన్నదేమిటో, అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో అర్థమైతే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే గుర్తుంటాయి.

ఆ సీసాలో ఉన్నది నీళ్ళు కావు

చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. వాసన ఉండదు, కంట్లో పడినా మండదు. అందుకే చాలామంది దాన్ని ఒక రకం శుభ్రమైన నీళ్ళనుకుంటారు. మెడికల్ షాపులో ఒకే అరలో పేర్చి ఉంటాయి కాబట్టి సీసాలన్నీ ఒకటే అనుకునేవాళ్ళూ ఉన్నారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు కలిపిన శుభ్రమైన నీరు. లెన్స్‌ను జాడించడానికి పనికొస్తుంది కానీ క్రిములను చంపదు. రాత్రంతా సెలైన్‌లో నానబెట్టిన లెన్స్ తెల్లారేసరికి ఎంత మురికిగా ఉందో అంతే మురికిగా ఉంటుంది, ఇంకా చెప్పాలంటే క్రిములు పెరిగి ఉంటాయి. కళ్ళు పొడిబారినప్పుడు వేసుకునే రీవెట్టింగ్ చుక్కలు వేరు. వాటితో లెన్స్ కడగడం, నానబెట్టడం కుదరదు. గట్టి లెన్స్‌ల సొల్యూషన్ మళ్ళీ వేరు. దాన్ని మెత్తటి లెన్స్‌లకు వాడకూడదు. పెరాక్సైడ్ సీసా అన్నిటికంటే వేరు, దాని గురించి విడిగా చెప్పాలి. మనలో చాలామంది ఇళ్ళలో ఉండేది మల్టీపర్పస్ సొల్యూషన్. శుభ్రం చేయడం, జాడించడం, క్రిములను చంపడం, దాచడం అన్నీ ఒకే సీసాతో అయిపోవాలని తయారుచేసింది.

ఈ మల్టీపర్పస్ సీసాలో ఉప్పు ఉంటుంది, పీహెచ్‌ను కన్నీటికి దగ్గరగా ఉంచే బఫర్ ఉంటుంది, మురికిని వదలగొట్టే సబ్బులాంటి పదార్థం ఉంటుంది. వీటితో పాటు చాలా కొద్దిగా క్రిమిసంహారిణి ఉంటుంది. పాలీక్వాడ్, పీహెచ్‌ఎంబీ అనే పేర్లు లేబుల్ వెనక చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. ఎంత కొద్దిగా అంటే, పీహెచ్‌ఎంబీ సాధారణంగా 0.0001 శాతానికి మించదు. పది లక్షల్లో ఒక వంతు. ఇదే పీహెచ్‌ఎంబీని అకాంథమీబా అనే సూక్ష్మజీవి కంటికి పట్టినప్పుడు డాక్టర్లు మందుగా చుక్కలు వేస్తారు. ఆ చుక్కల్లో దాని మోతాదు 0.02 శాతం. అంటే మన సీసాలో ఉన్నదానికి 200 రెట్లు.

మరి సీసాలో కూడా అంతే ఘాటుగా ఎందుకు పెట్టరు? మెత్తటి లెన్స్ స్పాంజి లాంటిది. రాత్రి ఏ ద్రవంలో నానితే దాన్ని పీల్చుకుంటుంది, మర్నాడు పది పన్నెండు గంటలు మన నల్లగుడ్డుకు అంటుకుని ఉండి ఆ పీల్చుకున్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే ఆ పొర, కార్నియా, మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం. దానికి రక్తనాళాలు ఉండవు. గాలి నుంచి, కన్నీటి నుంచి ఆక్సిజన్ తీసుకుని బతుకుతుంది. క్రిమిని చంపే మందు ఏదైనా మోతాదు మించితే ఆ పొరలోని కణాలనూ చంపుతుంది. కాబట్టి సొల్యూషన్ తయారుచేసేవాళ్ళ పని కత్తి మీద సాము. క్రిములు చావాలి, కన్ను బాగుండాలి. ఆ రెంటి మధ్య సన్నటి సందులో నిలబెట్టిన ద్రవం అది. దానికి మిగులు బలం అంటూ ఉండదు. మనం కాస్త తక్కువ పోసినా, కాస్త పాతది కలిపినా తట్టుకునేంత శక్తి దానిలో దాచిపెట్టి లేదు.

ఈ ద్రవాలకు ఒక అంతర్జాతీయ పరీక్ష ఉంది, ఐఎస్ఓ 14729. అయిదు రకాల క్రిముల మీద పరీక్షిస్తారు. మూడు బ్యాక్టీరియాలు, రెండు ఫంగస్‌లు. లేబుల్ మీద రాసిన నానబెట్టే సమయంలో బ్యాక్టీరియాలు వెయ్యిలో 999 చావాలి. ఫంగస్‌లైతే పదిలో తొమ్మిది చస్తే చాలు. ఈ గీటు దాటలేని ద్రవాన్ని, రుద్ది కడగడంతో కలిపి పరీక్షించే రెండో దారి కూడా ఉంది. ఇందులోంచి మనం గట్టిగా పట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పరీక్ష కొత్త ద్రవంతో జరిగింది. పూర్తి సమయం ఇచ్చి చేశారు. ఫంగస్ విషయంలో పదిలో ఒకటి మిగిలినా పాసే. అకాంథమీబా ఆ అయిదింటిలో లేనే లేదు. మిగిలిన ఆ ఒకటి ఎలా పోతుందంటే, మనం అరచేతిలో లెన్స్ పెట్టుకుని వేలితో రుద్దితే పోతుంది. రుద్దడం కూడా మందులో భాగమే అని నేను అనేది అందుకే.

తోడు వేసినట్టు

రాత్రి లెన్స్‌ను డబ్బీలో వేశాక ఏం జరుగుతుంది? ఆ కొద్దిపాటి క్రిమిసంహారిణి మూడు వైపులకు ఖర్చవుతుంది. కొంత క్రిములకు అంటుకుని వాటిని చంపుతుంది. కొంత లెన్స్ మీద ఉన్న కన్నీటి ప్రొటీన్లకు, కాటుక జిడ్డుకు అంటుకుని వృథా అవుతుంది. కొంత లెన్స్‌లోకి ఇంకిపోతుంది. తెల్లారేసరికి డబ్బీలో ఉన్నది నిన్న రాత్రి పోసినది కాదు. చూపుకు అదే, బలానికి వేరు. అందులో ప్రాణాలతో మిగిలినవి కూడా ఆ రాత్రి మందును తట్టుకున్న మొండి క్రిములే.

మా పిల్ల చేస్తున్నది, ఆ పాతదాన్ని ఉంచి పైన నాలుగు చుక్కలు కొత్తది పోయడం. మన ఇళ్ళలో రాత్రి పాలు తోడుపెట్టే పద్ధతి ఇదే కదా. నిన్నటి పెరుగు ఒక్క స్పూను చాలు, తెల్లారేసరికి గిన్నెడు పాలూ పెరుగు. నిన్నటి సొల్యూషన్ ఇవాళ్టి సొల్యూషన్‌కు సరిగ్గా అలాంటి తోడే. గుంతలో మూడు వంతులు పాతది ఉండి ఒక వంతు కొత్తది పోస్తే, కొత్త మందు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. క్రిముల సంఖ్య మాత్రం నిన్నటి దగ్గర్నుంచి మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఆ జారుడు పొర. బిందెలో పట్టే పాచి లాంటిదే, డాక్టర్లు బయోఫిల్మ్ అంటారు. బ్యాక్టీరియాలు ఒక చోట కుదురుకుని, తమ చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఒంటరిగా తేలే క్రిమిని చంపే మోతాదు, గూట్లో ఉన్నదాన్ని తాకను కూడా తాకదు. అకాంథమీబాకు ఈ బ్యాక్టీరియాలే తిండి. అంటే పాచి పట్టిన డబ్బీ దానికి కంచం పెట్టినట్టు. ఆ పాచి పోవాలంటే రుద్దాలి, తుడవాలి, ఆరబెట్టాలి. కొంతకాలానికి డబ్బీనే మార్చాలి. మూడు నెలలకు మించి ఒకే డబ్బీ వాడకూడదని కంటి వైద్యులు చెబుతారు. కొత్త సీసాతో పాటు చాలాసార్లు కొత్త డబ్బీ ఊరికే వస్తుంది. అది వచ్చిన రోజే పాతది చెత్తబుట్టలో వేసేయడం నా అలవాటు.

ఆ రోజు మంచం మీద కూర్చోబెట్టి పిల్లకు చేసి చూపించాను. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేత్తో లెన్స్ పట్టుకుంటే కొళాయి నీళ్ళు లెన్స్ మీదికి వెళ్ళినట్టే. అరచేతిలో లెన్స్‌ను చిన్న గిన్నెలా పెట్టి, నాలుగైదు చుక్కల సొల్యూషన్ వేసి, చూపుడువేలి మెత్తటి భాగంతో ముందుకూ వెనక్కూ మెల్లగా రుద్దాలి. గోరు తగలకూడదు. ఒక్కో వైపు పది ఇరవై సెకన్లు. తర్వాత ధారగా సొల్యూషన్ పోసి కడిగి, ఖాళీగా పొడిగా ఉన్న డబ్బీలో లెన్స్ మునిగేంత కొత్తది పోసి మూత బిగించాలి. పొద్దున లెన్స్ పెట్టుకున్నాక డబ్బీలో ఉన్నదంతా పారబోయాలి. గుంతల్ని, మూతల్ని సొల్యూషన్‌తోనే జాడించి, శుభ్రమైన టిష్యూతో గట్టిగా తుడిచి, మూతలు తీసి టిష్యూ మీద బోర్లించాలి. ఎండిన చోట క్రిములు బతకడం కష్టం. బాత్రూమ్ గూట్లో ఏదీ ఎండదు. పైగా ఫ్లష్ నొక్కినప్పుడల్లా గాలిలోకి తుంపర లేస్తుంది. అందుకే డబ్బీ ఉండాల్సింది గదిలో, చదువుకునే బల్ల మీద.

"ఇలా చేస్తే సీసా వారానికే అయిపోతుంది పిన్నీ" అంది.

వారానికి కాదు కానీ, నెలకు అవుతుంది. రెండు గుంతలు నింపడానికి ఏడెనిమిది ఎంఎల్, కడగడానికి ఇంకొంచెం. రోజుకు పది పన్నెండు ఎంఎల్ దాకా పడుతుంది. 300 ఎంఎల్ సీసా నెలలోపే అయిపోవాలి. అదే సీసా నాలుగు నెలలు వస్తోందంటే రోజుకు రెండున్నర ఎంఎల్ వాడుతున్నామన్నమాట. అది ఒక్క గుంతకు కూడా చాలదు.

2006లో జరిగింది

సొల్యూషన్ గురించి ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 2006లో. బాష్ అండ్ లోంబ్ కంపెనీ తెచ్చిన 'రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్' అనే సొల్యూషన్ వాడుతున్నవాళ్ళలో ఫ్యుసేరియం అనే ఫంగస్ కంటికి పట్టడం ముందు సింగపూర్, హాంకాంగ్‌లలో బయటపడింది, తర్వాత అమెరికాలో. ఫ్యుసేరియం మట్టిలో, మొక్కల మీద ఉండే మామూలు ఫంగస్. అమెరికాలో 164 కేసులు నిర్ధారణ అయ్యాయి. వాళ్ళలో మూడో వంతు మందికి కార్నియా మార్పిడి చేశారు, లేదా చేయక తప్పదని తేల్చారు. ఆ ఏడాది మే నెలలో కంపెనీ ఆ సొల్యూషన్‌ను ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తీసేసింది. మరుసటి ఏడాది, 2007 మేలో, ఏఎంఓ కంపెనీ 'కంప్లీట్ మాయిశ్చర్‌ప్లస్' అనే మరో సొల్యూషన్‌ను వెనక్కి తీసుకుంది. ఈసారి కారణం అకాంథమీబా.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. తెరవని సీసాల్లో ఫంగస్ దొరకలేదు. రోగుల కళ్ళలో దొరికిన ఫంగస్ కూడా ఒకే జాతి కాదు, రకరకాలు. అంటే ఒకే ఫ్యాక్టరీలో కలుషితమై అందరికీ వెళ్ళింది కాదు. ఎవరింటి ఫంగస్ వాళ్ళ డబ్బీలోకి చేరింది, ఆ ద్రవం దాన్ని ఆపలేకపోయింది. కళ్ళు తేమగా ఉండాలని అందులో కలిపిన పదార్థాలు, ద్రవం ఆవిరయ్యే కొద్దీ డబ్బీ గోడలకు పొరగా అంటుకుని ఫంగస్‌కు ఆశ్రయమిచ్చాయని పరిశోధకులు చూపించారు. పాతదాని మీద కొత్తది పోసే అలవాటు ముప్పును పెంచిందనీ తేలింది. ప్రయోగశాలలో పాసైన మందు బాత్రూమ్ గూట్లో ఫెయిలయింది. రుద్దక్కర్లేదు అనే ప్రకటనల మీద కంటి వైద్యులు గట్టిగా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది కూడా ఆ రెండేళ్ళ తర్వాతే.

2008లో అచ్చయిన ఒక పరిశోధన ఇంకో కోణం చూపించింది. అదే సొల్యూషన్ సీసాలను వారాలపాటు వేడిలో ఉంచి పరీక్షిస్తే, ఫ్యుసేరియంను ఆపే శక్తి పడిపోయింది. అది ఒక్క సొల్యూషన్ సంగతి, అన్నిటికీ అంటగట్టకూడదు. కానీ చెన్నైలో ఉంటూ ఆ విషయం చదివితే మన సీసా ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలనిపిస్తుంది.

ఎండ, మూత, తారీఖు

మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పార్కింగ్‌లో నిలిపిన కారు లోపల, స్కూటర్ డిక్కీలో వేడి దానికి ఎంతో పైన. ఎక్కువ లేబుళ్ళు గది ఉష్ణోగ్రతలో ఉంచమని అడుగుతాయి. సీసాను డిక్కీలో, కిటికీ గట్టు మీద పెట్టొద్దు. నీడగా ఉండే అలమరలో పెడితే చాలు. ఫ్రిజ్ అవసరం లేదు, గడ్డకట్టనివ్వకూడదు.

సీసా మీద రెండు గడువులుంటాయని చాలామందికి తెలియదు. ఎక్స్‌పైరీ తేదీ తెరవని సీసాకు. తెరిచాక ఇంకో గడువు మొదలవుతుంది. చాలా వాటికి 90 రోజులు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. లేబుల్ మీద ఉన్నదే ప్రమాణం. తెరిచిన రోజే మార్కర్‌తో సీసా మీద తారీఖు రాసుకుంటే బుర్రకు పని తగ్గుతుంది. రోజూ సరిపడా వాడేవాళ్ళకు ఈ 90 రోజుల సమస్యే రాదు. అప్పుడప్పుడు ఫంక్షన్లకు మాత్రమే లెన్స్ పెట్టుకునేవాళ్ళు పెద్ద సీసా కొని ఇబ్బంది పడతారు. వాళ్ళకు చిన్న సీసా మేలు.

సీసా ముక్కు వేలికి గానీ, లెన్స్‌కు గానీ, డబ్బీకి గానీ తగలకూడదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని అమ్మమ్మలు మనకున్నారు. ఒక్కసారి తడి తగిలితే ఏడాది పచ్చడి బూజు పడుతుందని వాళ్ళకు తెలుసు. ఇక్కడా అదే భయం పెట్టుకోవాలి. ఊరెళ్ళేటప్పుడు పెద్ద సీసాలోంచి ఏ పాత షాంపూ సీసాలోకో, చుక్కల మందు సీసాలోకో కొంచెం వంపుకుని తీసుకెళ్ళడం చాలామంది చేసే పని. ఆ చిన్న సీసా క్రిమిరహితం కాదు. అందులో పడ్డ క్షణం నుంచి సొల్యూషన్ కూడా కాదు. ప్రయాణానికి 60 ఎంఎల్ సీసాలు దొరుకుతాయి.

సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులకు వచ్చాక, డబ్బీలో వదిలేసిన లెన్స్ పెట్టుకోవచ్చా? కొన్ని సొల్యూషన్లు 30 రోజుల దాకా నిల్వ ఉంచొచ్చని రాస్తాయి, కొన్ని అంతకంటే తక్కువ. గడువులో ఉన్నా సరే, పాతది పారబోసి, రుద్ది, కొత్త సొల్యూషన్‌లో పూర్తి సమయం నానబెట్టాకే పెట్టుకోవాలి.

ఏ నీళ్ళైనా నీళ్ళే

చెన్నైలో నీళ్ళ గురించి మాట్లాడితే మనకు ఇంటి మాటే. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీళ్ళు ఈ ఊరి దాహంలో కొంత తీరుస్తాయి. మిగతాది చెరువులు, బోర్లు, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంట్లు, లారీలు. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్ళు తెచ్చిన రోజులు ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. షోలింగనల్లూరు ఉన్న ఓఎంఆర్ రోడ్డు పీజీల్లో ఇప్పటికీ లారీ వచ్చి సంప్ నింపితే, అది మేడమీది ట్యాంకుకు ఎక్కి, అక్కడినుంచి కొళాయికి వస్తుంది.

అకాంథమీబా ఉండేది మట్టిలో, చెరువులో, ట్యాంకులో, కొళాయిలో. పరిస్థితి బాగోకపోతే అది రెండు పొరల గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. మునిసిపాలిటీ నీళ్ళలో కలిపే క్లోరిన్ మోతాదు ఆ పెంకును ఏమీ చేయలేదు. తాగితే మనకేమీ కాదు. లెన్స్ కింద చిక్కుకుంటే మాత్రం కార్నియాను తింటూ లోపలికి పోతుంది. మందులు నెలల తరబడి వేయాలి, ఒక్కోసారి ఏడాది. మన దేశంలో ఈ జబ్బు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అసలు లెన్స్ పెట్టుకోనివాళ్ళు. పొలంలో మట్టి పడి, మురికినీళ్ళు చిమ్మి వచ్చినవాళ్ళు. అంటే ఆ జీవి మన చుట్టూ అంత మామూలుగా ఉంది.

"క్యాన్ నీళ్ళు వాడితే? ఆర్వో నీళ్ళు? కాచి చల్లార్చినవి?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. తాగడానికి పనికొచ్చే నీరు వేరు, క్రిమిరహితమైన నీరు వేరు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా క్రిమిరహితం కాదు. 1980లలో అమెరికాలో ఉప్పు బిళ్ళలు డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకుని ఇంట్లోనే సెలైన్ చేసుకున్నవాళ్ళకే అకాంథమీబా ఎక్కువగా పట్టిందని అప్పటి పరిశోధనల్లో తేలింది. క్రిముల సంగతి పక్కన పెట్టినా, ఉప్పులేని నీళ్ళలో మెత్తటి లెన్స్ ఉబ్బి, ఆకారం మారి, కంటికి అంటుకుపోతుంది. ఉమ్మి సంగతి చెప్పనక్కర్లేదు, కానీ బైక్ మీద వెళ్తూ లెన్స్ జారితే నోట్లో పెట్టుకుని తడిపి మళ్ళీ పెట్టుకున్నవాళ్ళను చూశాను కాబట్టి రాస్తున్నాను.

స్నానం, ఈత, బీసెంట్‌నగర్ బీచ్‌లో అలలు, వీటన్నిటికీ ముందు లెన్స్ తీసేయాలి. సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ బయల్దేరేవాళ్ళు రైలు వాష్‌బేసిన్ దగ్గర ఊగుతూ లెన్స్ తీయడం కంటే, ఇంట్లోనే తీసేసి కళ్ళజోడు పెట్టుకుని ఎక్కడం మంచిది. తీయకుండా నిద్రపోవడం అన్నిటికంటే చెడ్డది. కార్నియాకు ఇన్ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

ఎర్ర మూత సీసా

పెరాక్సైడ్ సొల్యూషన్‌లో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. క్రిములను, చాలావరకు అకాంథమీబా పెంకులను కూడా మల్టీపర్పస్ కంటే బాగా చంపుతుంది. దీనికి నిలువు కప్పు లాంటి ప్రత్యేక డబ్బీ వస్తుంది. లోపల ప్లాటినం పూసిన చిన్న బిళ్ళ ఉంటుంది. అది బుడగలు తెప్పిస్తూ పెరాక్సైడ్‌ను మెల్లగా నీరు, ఆక్సిజన్‌గా మార్చేస్తుంది. దానికి ఆరు గంటలు పడుతుంది. మామూలు డబ్బీలో పోస్తే బిళ్ళ ఉండదు కాబట్టి తెల్లారినా పెరాక్సైడ్ పెరాక్సైడ్‌గానే ఉంటుంది, లెన్స్ కంట్లో పెట్టగానే నిప్పు పెట్టినట్టు మండుతుంది. ఒకే గదిలో ఒకరిది మల్టీపర్పస్, ఇంకొకరిది పెరాక్సైడ్ ఉన్నప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. మూత ఎర్రగా పెట్టేది అందుకే. జరిగితే లెన్స్ వెంటనే తీసేసి, పదిహేను నిమిషాలు కన్ను కడుగుతూనే ఉండాలి. ఆ ఒక్క సందర్భంలో కొళాయి నీళ్ళైనా ఫరవాలేదు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆరు గంటల తర్వాత కప్పులో మిగిలేది దాదాపు సెలైనే కాబట్టి, అందులో లెన్స్‌ను రోజుల తరబడి వదిలేయకూడదు.

ఇవన్నీ రోజూ చేయడం మా వల్ల కాదనేవాళ్ళకు నా మాట ఒకటే. రోజూ వాడి పారేసే లెన్స్‌లు దొరుకుతాయి. వాటికి సొల్యూషనూ వద్దు, డబ్బీ వద్దు. వారంలో రెండు రోజులు లెన్స్, మిగతా రోజులు కళ్ళజోడు అనుకుంటే ఖర్చు మరీ భారం కాదు. హాస్టల్ పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే.

కన్ను ఎర్రబడితే

చెన్నైలో వానాకాలంలో కళ్ళకలక మామూలు. ఇక్కడ దానికి 'మద్రాస్ ఐ' అని పేరు. ఆఫీసులో ఒకరికి వస్తే వారంలో వరసంతా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కనిపిస్తారు. పదకొండేళ్ళ కిందట నవంబరులో నా కుడి కన్ను ఎర్రబడితే నేనూ అదే అనుకున్నాను. ఒక మెడికల్ షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. వేసుకోగానే ఎరుపు తగ్గింది, హాయిగా అనిపించింది. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ ఎరుపును, వాపును అణుస్తుంది. అదే సమయంలో క్రిమితో పోరాడే మన ఒంటి శక్తినీ అణుస్తుంది.

రెండో రోజు రాత్రి ట్యూబ్‌లైటు వెలుగు కంట్లో సూదిలా గుచ్చుకుంది. పొద్దున అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద, కింది అంచుకు దగ్గరగా, ఆవగింజంత తెల్లటి చుక్క. అది కార్నియా మీద పుండు. ఆసుపత్రిలో మొద్దుబారే చుక్కలు వేసి, పుండు మీద గీకి తీసిన దాన్ని పరీక్షకు పంపారు. మూడు రోజులు పగలూ రాత్రీ గంటగంటకూ చుక్కలు. రాత్రిళ్ళు మా ఆయన అలారం పెట్టుకుని లేచి వేసేవారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని రిపోర్టు వచ్చింది. అది రెండు మూడు రోజుల్లో కార్నియాను కరిగించేయగలదు. నాకు పుండు మానింది కానీ మచ్చ మిగిలింది. మా అమ్మ భాషలో చెప్పాలంటే కంట్లో పువ్వు వేసింది. నడిమధ్యలో కాకపోవడం వల్ల చూపు దక్కింది.

కళ్ళకలక అయితే సాధారణంగా రెండు కళ్ళకూ పాకుతుంది, కళ్ళు అంటుకుంటాయి, ఇసుక పోసినట్టుంటుంది, చూపు మసకబారదు. లెన్స్ పెట్టుకునేవాళ్ళకు ఒక కన్నే ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకేసినా, తెల్ల చుక్క కనిపించినా అది కళ్ళకలకే అని ఇంట్లో కూర్చోవద్దు. లెన్స్ తీసేయాలి, రెండో కంటిది కూడా. అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. డబ్బు గురించి వెనకాడే పిల్లలకు చెబుతున్నాను, ఎగ్మోర్‌లో 1819 నుంచి నడుస్తున్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు గారు నా కన్ను చూశాక మొదట అడిగింది, "లెన్స్ డబ్బీ తెచ్చారా అమ్మా?" అని. మా ఆయన ఆటోలో ఇంటికి వెళ్ళి తెచ్చారు. కంట్లో పెరిగిన క్రిమే డబ్బీలోనూ పెరిగింది. ఏ మందుకు లొంగుతుందో రెండు చోట్లా ఒకే జవాబు రావడంతో చికిత్స మార్చాల్సిన అవసరం రాలేదు. గీకి తీసేది ఆవగింజలో సగం కూడా ఉండదు. కొందరికి అందులో ఏదీ పెరగదు. అప్పుడు డబ్బీయే దారి చూపిస్తుంది. కాబట్టి అలాంటి రోజు వస్తే, సిగ్గుపడి డబ్బీని కడగొద్దు, పాత సొల్యూషన్‌ను పారబోయొద్దు. తీసిన లెన్స్‌లను అందులోనే వేసి, మూతలు గట్టిగా బిగించి, సీసాతో సహా ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళండి.